రేపటి సంగతి ఇంగ్లిష్‌లో చెప్పించడం ఎలా

కడియపులంక నర్సరీలో పనిచేసే కుర్రాడొకడు ప్రతి ఆదివారం రాజమండ్రిలో మా ఇంటికి ఇంగ్లిష్ నేర్చుకోడానికి వస్తాడు. బెంగళూరు నుంచో పుణె నుంచో ఫోన్ చేసే పార్టీలతో మాట్లాడటం అతని డ్యూటీ. ఒక ఆదివారం మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైంది బాబూ అంటే చెప్పాడు. మామిడి అంట్లు, క్రోటన్లు కలిపి ఒక లోడు తయారుగా ఉంది. మర్నాటి రాత్రికి లారీ మాట్లాడేశారు, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. అవతలి పార్టీ ఫోన్ చేసి ఎప్పుడు పంపుతారని అడిగితే మనవాడు ‘ఐ విల్ సెండ్ టుమారో సర్’ అన్నాడు. అంతే, ఆయన విసుక్కుని నర్సరీ ఓనరుకి ఫోన్ చేశాడట. ‘మీవాడు ఇప్పుడిప్పుడే ఆలోచిస్తున్నట్టున్నాడు, అసలు లారీ దొరికిందా లేదా?’ అని.

“నేనన్నదాంట్లో తప్పేముందండి మేడం? రేపంటే విల్లే కదండీ?”

గ్రామర్ ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిష్ బాగా వచ్చినవాడి చెవికి ఆ మాట “సరే, రేపు పంపిస్తాలెండి” అన్నట్టు వినిపిస్తుంది. అడిగారు కాబట్టి అప్పటికప్పుడు అనుకున్నట్టు. ‘వియార్ సెండింగ్ ఇట్ టుమారో’ అని ఉంటే లారీ గురించి వేరే చెప్పక్కర్లేదు, ఏర్పాటు అయిపోయిందన్న సంగతి ఆ క్రియలోనే ఉంది.

రేపంటే విల్ అని అతనికి నేర్పింది నాలాంటి టీచర్లే. జిల్లా పరిషత్ హైస్కూల్లో 19 ఏళ్లుగా ఇంగ్లిష్ చెప్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు బోర్డు మీద మూడు గళ్లు గీసి ఒకదాంట్లో ‘యెస్టర్డే’, ఒకదాంట్లో ‘టుడే’, ఒకదాంట్లో ‘టుమారో’ రాసి, మూడోదాని కింద విల్, షల్ అని పెట్టి చేతులు దులుపుకునేదాన్ని. పిల్లలు పరీక్షలో ఖాళీలు నింపేవారు, ఫోన్లో మాట్లాడలేకపోయేవారు. ఇప్పుడు ఆదివారం బ్యాచ్‌లో ఐదుగురు పెద్దవాళ్లున్నారు. ఈ కుర్రాడు, ఒక నర్సు, తాడితోటలో చీరల కొట్టున్న ఆవిడ, డిగ్రీ చదివే అమ్మాయి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాబాయి గారు. వాళ్లతో పడుతూ లేస్తూ నేను నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను. ఇంగ్లిష్ చెప్పే తోటి టీచర్లకి, ఇంట్లో పిల్లలకి చెప్పుకునేవాళ్లకి పనికొస్తుంది.

ముందు తెలుగులో చెప్పించండి

ఇంగ్లిష్ జోలికి వెళ్లకముందు ఒక పావుగంట తెలుగు మీద పెట్టండి. నేను బోర్డు మీద “రేపు, నేను, తుని” అని మూడు మాటలు రాసి, వీటితో ఎన్ని రకాలుగా చెప్పగలరో చెప్పమంటాను. మొదట అందరూ “రేపు తుని వెళ్తాను” అంటారు. ఇంకా, ఇంకా అంటూ ఉంటే ఒక్కొక్కటీ బయటికొస్తుంది.

రేపు తుని వెళ్తున్నాను. రేపు తుని వెళ్దామనుకుంటున్నాను. రేపు తుని వెళ్లాలి. రేపు తుని వెళ్తానేమో. రేపు ఈపాటికి తునిలో ఉంటాను. మీరు లేచేసరికి తుని వెళ్లిపోయి ఉంటాను. చీరల కొట్టావిడ ఒకసారి “రేపు తుని ప్రయాణమండి” అంది. క్రియే లేకుండా!

ఇప్పుడు అడగండి. ఈ మాటలన్నీ ఒకటేనా? “వెళ్తున్నాను” అన్నవాడికీ “వెళ్దామనుకుంటున్నాను” అన్నవాడికీ తేడా ఏంటి? ఎవరి చేతిలో టికెట్ ఉన్నట్టు? ఎవరితో పార్సిల్ ఇచ్చి పంపొచ్చు? మన వాళ్లు ఈ ప్రశ్నలకి ఒక్క క్షణం కూడా ఆలోచించరు. ఆ తేడాలు వాళ్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లిష్‌లో మనం నేర్పబోయేది కొత్త ఆలోచన కాదు, ఉన్న ఆలోచనకి వేరే చొక్కా. ఇది వాళ్లకి తెలిశాక సగం టెన్షన్ పోతుంది.

ఇంగ్లిష్‌లో భవిష్యత్తుకి ప్రత్యేకంగా క్రియారూపమే లేదు. ‘గో’ నుంచి ‘వెంట్’ వచ్చినట్టు రేపటికంటూ ఒక రూపం ఉండదు. అందుకని ఉన్న సరుకులోంచే అక్కడో మాట ఇక్కడో మాట తెచ్చి సర్దుకున్నారు. ‘విల్’ ఒకప్పుడు “కావాలనుకోవడం” అనే అర్థమున్న క్రియ. ‘షల్’ మొదట్లో బాకీ పడటం, బద్ధుడై ఉండటం. ‘గోయింగ్ టు’ నిజంగానే నడిచి వెళ్లడం. ఈ పుట్టుకల వాసన వాటికి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఈ సంగతి పెద్దవాళ్లకి చెప్తాను, పిల్లలకి చెప్పను.

మన “వెళ్తాను”తో చిక్కు

మన దగ్గర ఒక గొడవుంది. “రోజూ గుడికి వెళ్తాను”, “రేపు గుడికి వెళ్తాను”. రెండిటికీ క్రియ ఒకటే. పాత వ్యాకరణంలో తద్ధర్మకాలం అని అలవాటుకి విడిగా ఒక పేరూ ఒక రూపమూ ఉండేవి. ఇప్పటి వాడుకలో అదీ భవిష్యత్తూ కలిసిపోయాయి. దాంతో మనవాళ్లు ఇంగ్లిష్‌లో అలవాట్లకి కూడా విల్ తగిలిస్తారు. ‘డైలీ ఐ విల్ గెట్ అప్ అట్ ఫైవ్’. ఇది వినని టీచర్ ఉండరు.

వ్యతిరేకంలో అయితే ఇంకా ప్రమాదం. “నేను చేపలు తినను” అంటే మనకి మామూలు సంగతి, అలవాటు లేదని. మా నర్సు ఒకసారి హాస్పిటల్‌కి వచ్చిన ఢిల్లీ డాక్టరు గారి భార్య భోజనానికి పిలిస్తే ‘ఐ విల్ నాట్ ఈట్ ఫిష్’ అందట. పాపం ఆవిడ చిన్నబుచ్చుకుంది. అది “మీరు పెట్టినా సరే నేను తినను” అని మొండికేసినట్టు వినిపిస్తుంది. ‘ఐ డోంట్ ఈట్ ఫిష్’ అనాలి.

దీనికి నేను చేయించే పని చిన్నది. పదిహేను తెలుగు వాక్యాలు చదువుతాను. “పొద్దున్నే కాఫీ తాగుతాను.” “సాయంత్రం ఫోన్ చేస్తాను.” “మా ఆయన అబద్ధం చెప్పడు.” “రేపు ఆయన రాడు.” అలవాటైతే చప్పట్లు కొట్టాలి, ముందు జరగబోయేదైతే చెయ్యెత్తాలి. ఇంగ్లిష్ ఒక్క ముక్క కూడా ఉండదు. “ఆయనకి తెలుగు రాదు” దగ్గర అందరూ ఆగిపోయి నవ్వుకుంటారు. ఇది చేయకుండా విల్ మొదలుపెడితే ఇసుక మీద గోడ కట్టినట్టే.

కరెంటు పోయినప్పుడు

మొదటి పాఠంలో రెండే రూపాలు చెప్పండి, విల్, గోయింగ్ టు. అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే, “ఎప్పుడనుకున్నావ్?” ఇప్పుడే, ఈ క్షణంలో అనుకుంటే విల్. మాట్లాడకముందే అనుకుని ఉంటే గోయింగ్ టు.

ఈ పాఠం ఒకరోజు నాకు దానంతట అదే దొరికింది. మే నెల, పదిన్నరకి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. డిగ్రీ అమ్మాయి లేచి తలుపు తీయబోయింది. ఆగమ్మా, ఏం చేస్తున్నావో ఇంగ్లిష్‌లో చెప్పి తీయి అన్నాను. ‘ఐ యామ్ గోయింగ్ టు ఓపెన్ ద డోర్’ అంది. నేను బాబాయి గారి వైపు తిరిగి, కరెంటు పోతుందని ఈ అమ్మాయికి ముందే తెలుసంటారా అన్నాను. ఆయన పకపకా నవ్వి “సబ్‌స్టేషన్‌లో మనవాళ్లెవరో ఉన్నారన్నమాట” అన్నారు. ‘ఐల్ ఓపెన్ ద డోర్’ అని అమ్మాయే దిద్దుకుంది. వెంటనే నేను, ప్రతి వేసవీ ఇదే గోల, నేను ఇన్వర్టర్ కొందామనుకుంటున్నానర్రా, ఇది ఎలా చెప్పాలి అన్నాను. ‘యు ఆర్ గోయింగ్ టు బై యాన్ ఇన్వర్టర్’ అని నలుగురూ ఒకేసారి అన్నారు. కరెంటు వచ్చేదాకా ఇలాగే ఆడుకున్నాం.

అప్పటి నుంచి నేను క్లాసులో కావాలనే చిన్న చిన్న ఆపదలు తెచ్చిపెడతాను. పెన్ను కింద పడేస్తాను. మంచినీళ్ల చెంబు ఖాళీగా పెడతాను. చాక్‌పీస్ లేదంటాను. ఎవరు ముందు ‘ఐల్’ అంటే వాళ్లు లేచి ఆ పని చేయాలి. ఇంకోవైపు గోయింగ్ టుకి, ఈ వారం చేద్దామని నిన్నటికే అనుకుని ఇంకా చేయని పనులు మూడు చెప్పమంటాను. అలాంటివి అందరి దగ్గరా బోలెడుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గోయింగ్ టు అంటే “బోతున్నాను” అని బోర్డు మీద రాసేయకండి. నేను చాలాకాలం రాశాను. “కొత్త వంతెన కట్టబోతున్నారు” లాంటి పేపరు భాషకి అది సరిపోతుంది. కానీ ఇంట్లో ఎవరైనా “నేను రేపు తలంటు పోసుకోబోతున్నాను” అంటారా? “పోసుకుందామనుకుంటున్నా” అంటారు. నోటి మాటలో గోయింగ్ టుకి దగ్గరగా ఉండేది ఈ “దామనుకుంటున్నా”నే. అప్పుడే, ఆ క్షణంలో జరగబోయేదానికి మనం వాడే “బోతుంటే, బోయాడు” ఇంగ్లిష్‌లో ‘అబౌట్ టు’ దగ్గరికి వెళ్తుంది. “పడబోయాడు” అంటే ‘హి వాజ్ అబౌట్ టు ఫాల్’. “నేను ఫోన్ చేయబోతుంటే నువ్వే చేశావ్” అంటే ‘ఐ వాజ్ అబౌట్ టు కాల్ యు’.

గోయింగ్ టుకి రెండో పని కూడా ఉంది. కంటికి కనిపిస్తున్నదాన్ని బట్టి జరగబోయేది చెప్పడం. దీనికి తెలుగులో చక్కటి జోడీ ఉంది, “లా ఉంది”. వాన వచ్చేలా ఉంది, ‘ఇట్స్ గోయింగ్ టు రెయిన్’. ఆ కుండీ పడేలా ఉంది, ‘దట్ పాట్ ఈజ్ గోయింగ్ టు ఫాల్’. నాలుగు స్టీలు గ్లాసులు ఒకదాని మీద ఒకటి వంకరగా పేర్చండి చాలు, ఎవరో ఒకరు అరుస్తారు. ఆ అరుపుని ఇంగ్లిష్‌లోకి తిప్పించండి.

గోడ మీది క్యాలెండరు

ఇప్పుడు నర్సరీ కుర్రాడికి కావాల్సిన రూపం. ‘ఐ యామ్ సెండింగ్’, ‘ఐ యామ్ మీటింగ్’, ‘వియార్ గోయింగ్’. గోయింగ్ టు అంటే మనసులో అనుకున్నది. ఇది ఇంకో మెట్టు పైది. అవతలి మనిషికి చెప్పేశాం, టికెట్ కొనేశాం, అడ్వాన్సు ఇచ్చేశాం.

పుస్తకాల్లో దీనికి డైరీ బొమ్మ వేస్తారు. మన ఇళ్లలో డైరీ ఎవరు రాస్తారండీ? మనకున్నది గోడ మీది తిథుల క్యాలెండరు. మా ఇంట్లో దాని మీద గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలు నాగా పెట్టిన రోజులు, పెళ్లిళ్లు, చీటీ పాట, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ ఉంటాయి. నేను ఒక పాత క్యాలెండరు కాగితం చింపి జిరాక్స్ తీసి ఇద్దరికి రెండు వేర్వేరు కాపీలు ఇస్తాను. ఒకరి దాంట్లో మంగళవారం పెళ్లి, గురువారం పంటి డాక్టరు, ఇంకొకరి దాంట్లో బుధవారం చీటీ పాట, శుక్రవారం అత్తగారి రాక. కాగితం చూపించుకోకుండా, ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్లే రోజు వెతుక్కోవాలి.

‘ఆర్ యు ఫ్రీ ఆన్ ట్యూస్డే?’ ‘నో, ఐ యామ్ గోయింగ్ టు ఎ వెడ్డింగ్.’ ‘వాటబౌట్ ఫ్రైడే?’ ‘మై మదర్ ఇన్ లా ఈజ్ కమింగ్.’ ఇలా సాగుతుంది. చివర్లో రోజు దొరికినప్పుడు మాత్రం ‘ఓకే, ఐల్ బుక్ ద టికెట్స్’. అక్కడ విల్ ఎందుకు వచ్చిందో అడగండి. ఇప్పుడే అనుకున్నారు కాబట్టి. ఆ ఒక్క చోట రెండు రూపాలూ పక్కపక్కన నిలబడి తేడా కనిపిస్తుంది. నా మటుకు నాకు మొత్తం కోర్సులో ఇంతకంటే పనికొచ్చే ఆట లేదు.

క్యాలెండర్లో రాయలేనిదానికి ఈ రూపం వాడకూడదని కూడా ఇక్కడే చెప్పండి. “రేపు వాన పడుతుంది” అని క్యాలెండర్లో రాయం కదా. అందుకే ‘ఇటీజ్ రెయినింగ్ టుమారో’ అనకూడదు. వానతో అపాయింట్‌మెంటు తీసుకోలేం.

తెలుగు ఇక్కడ మనకి పూర్తిగా సాయపడుతుంది. “రేపు హైదరాబాద్ వెళ్తున్నాను” అని మనమూ ఇదే అర్థంలో అంటాం. అయినా మన పిల్లలు ఇంగ్లిష్‌లో ఇది వాడటానికి జంకుతారు. ప్రెజెంట్ కంటిన్యువస్ అంటే ‘నౌ’ అని స్కూల్లో మేము బుర్రలోకి ఎక్కించేశాం మరి. నర్సరీ కుర్రాడు మొదట్లో “ఇప్పుడు పంపట్లేదు కదండీ, అబద్ధం అవదా?” అని అడిగాడు. తెలుగులో “రేపు పంపిస్తున్నామండి” అంటే అబద్ధమా అన్నాను. “ఆయ్, కాదండి” అన్నాడు. అక్కడితో తేలిపోయింది.

బాబాయి గారికి ఇదే పాఠం వేరేలా కలిసొచ్చింది. ఆయన కూతురు డాలస్‌లో ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ‘వెన్ ఆర్ యు గోయింగ్ బ్యాక్?’ అని అడిగితే ఏమనాలని రెండు నెలలు బెంగపడ్డారు. ‘ఐ విల్ గో బ్యాక్ ఆఫ్టర్ సమ్ టైమ్’ అనేవారు. టికెట్ చేతిలో ఉన్న మనిషి అనాల్సిన మాటా అది? ‘ఐ యామ్ ఫ్లయింగ్ బ్యాక్ ఆన్ ద ట్వెంటియత్ ఆఫ్ అక్టోబర్’ అని ఇరవైసార్లు అనిపించాను.

రైలు, పుష్కరాలు

టైమ్‌టేబుల్ రూపం మీద ఎక్కువసేపు కూర్చోకండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం విశాఖలో బయల్దేరి తెల్లారి హైదరాబాద్ చేరుతుంది. ‘ఇట్ లీవ్స్ వైజాగ్ ఇన్ ది ఈవెనింగ్’. రేపటి రైలైనా అంతే, విల్ అక్కర్లేదు. మన ఇష్టంతో పనిలేకుండా ఎవరో ఎప్పుడో ఖాయం చేసిపెట్టినవి ఇవి. రైళ్లు, పరీక్షలు, మ్యాచ్‌లు, సినిమా ఆటలు. మా ఊళ్లో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ పుష్కరాలు. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు. 2015లో అయ్యాయి, పన్నెండేళ్లకి మళ్లీ 2027. ‘ద నెక్స్ట్ పుష్కరమ్స్ ఆర్ ఇన్ 2027’. ఎవరి నిర్ణయమూ కాదు. కానీ “పుష్కరాలకి అక్కావాళ్లని పిలుద్దామనుకుంటున్నా” అంటే అది మళ్లీ గోయింగ్ టు. ఈ పాఠం బాబాయి గారికి అప్పజెప్పేస్తాను. ఆయన నోటికొచ్చిన రైళ్లన్నీ చెప్తారు, మిగతావాళ్లు ‘లీవ్స్, అరైవ్స్’ అంటూ పోతారు. ఇరవై నిమిషాలు చాలు.

విల్‌ని మరీ తక్కువ చేయొద్దు

ఇదంతా విన్నాక కొందరు విల్ అంటేనే భయపడతారు. మా నర్సు ఒక నెలపాటు అన్నిటికీ ‘గోయింగ్ టు’ వాడింది. విల్‌కి సొంత రాజ్యం ఉంది. మాట ఇవ్వడం, ‘ఐ వోంట్ టెల్ ఎనీవన్’. సాయం చేస్తాననడం. ‘ఐ థింక్’, ‘ప్రాబబ్లీ’ పెట్టి ఊహ చెప్పడం. మన “వస్తాడేమో, వస్తాడనుకుంటా” అన్నీ ఇక్కడికే వస్తాయి. ఆఫీసు నోటీసుల్లో, వార్తల్లో ముందే నిర్ణయమైనవాటికి కూడా విల్లే రాస్తారు. ‘ద ఆఫీస్ విల్ రిమెయిన్ క్లోజ్డ్ ఆన్ మండే’ అని గోడ మీద కనిపిస్తే అది తప్పని పిల్లలు అనుకోకూడదు. పేపరు హెడ్డింగుల్లో వట్టి ‘టు’ ఉంటుందని కూడా ఒక ముక్క చెప్పండి. ‘సీఎం టు విజిట్ కాకినాడ’ అంటే రాబోతున్నారని.

వోంట్‌లో ఒక తమాషా ఉంది. చీరల కొట్టావిడ స్కూటీ స్టార్ట్ అవక ఆలస్యంగా వచ్చిన రోజు ‘మై స్కూటీ ఈజ్ నాట్ స్టార్టింగ్’ అంది. బాగానే ఉంది. కానీ ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ ‘ఇట్ వోంట్ స్టార్ట్’ అంటారు. రేపటి సంగతి కాదు, ఇప్పటి మొండితనం. విల్ అంటే ఒకప్పుడు ఇష్టపడటం అన్నాను కదా, బండికి ఇష్టం లేదన్నమాట. తెలుగులో మనం “బండి మొరాయిస్తోంది” అనడం లేదూ?

చెవి సంగతి మర్చిపోకండి. మనవాళ్లు ‘ఐ విల్’ అని నొక్కి పలుకుతారు. అలా నొక్కితే పంతం పట్టినట్టు ఉంటుంది. మాటల్లో వినిపించేది ‘ఐల్’, ‘షీల్’, ‘దేల్’. ‘గోయింగ్ టు’ కాస్తా ‘గొనా’ అయిపోతుంది. నేను ‘ఐ హెల్ప్ యు’, ‘ఐల్ హెల్ప్ యు’ మార్చి మార్చి చదివి ఒకటో రెండో వేలు చూపించమంటాను. మొదటి రోజు సగం తప్పులే. వినపడని మాట నోట్లోంచి ఎలా వస్తుంది?

షల్ గురించి నాలుగు మాటలు. ‘ఐ షల్, యు విల్’ అనే బెత్తం లెక్క 1653లో జాన్ వాలిస్ తన ఇంగ్లిష్ వ్యాకరణంలో పెట్టాడు. లాటిన్‌లో రాసిన పుస్తకం అది. లెక్కల్లో అనంతానికి వాడే అడ్డం ఎనిమిది గుర్తు ఇచ్చిన మహానుభావుడు కూడా ఆయనే. ఆ నియమం మన స్కూళ్లలో మొన్నమొన్నటిదాకా నడిచింది. ఇప్పుడు మాటల్లో షల్ మిగిలింది ప్రశ్నల్లోనే. దానికి తెలుగులో అచ్చుగుద్దిన జోడీ ఉంది. “వెళ్దామా?” అంటే ‘షల్ వి గో?’ “తలుపు తీయనా?” అంటే ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’ రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.

వచ్చినప్పుడు, ఎప్పుడొస్తాడో

‘వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్’. ఈ తప్పుని దిద్దీ దిద్దీ నా ఎర్ర పెన్నులు అయిపోయాయి. వెన్, ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్ తర్వాత విల్ రాదని నియమం చెప్తే తల ఊపుతారు, మళ్లీ అదే రాస్తారు. ఒకరోజు తెలుగులో చూసుకుంటే తాళంచెవి అక్కడే ఉంది.

“ఆయన వచ్చాక చెప్తాను.” “ఆయన వస్తే చెప్తాను.” “ఆయన వచ్చేదాకా ఉంటాను.” వాక్యం ఆఖరున ఉన్న “చెప్తాను, ఉంటాను” మాత్రమే అసలైన భవిష్యత్తు. మొదటి సగంలో మనం “వస్తాడు” అనం. ఇంగ్లిష్‌లోనూ అంతే, విల్ ఒక్క సగానికే. పైగా ‘వెన్’ ఎప్పుడు విల్‌ని ఒప్పుకుంటుందో కూడా తెలుగే చెప్పేస్తుంది. “వచ్చినప్పుడు” అయితే విల్ తీసేయాలి, ‘వెన్ హి కమ్స్’. “ఎప్పుడొస్తాడో” అయితే విల్ ఉంచాలి, ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’. ఇంగ్లిష్‌లో రెండూ ‘వెన్’లే, తెలుగులో వేర్వేరు మాటలు. ఈ పాఠానికి తెలుగువాడే అదృష్టవంతుడు.

మిగిలినవి

‘విల్ బి డూయింగ్’, ‘విల్ హావ్ డన్’ రెండూ చివర్లో, కావాల్సినవాళ్లకే. మొదటిది మా నర్సుకి బాగా అక్కరకొచ్చింది. ‘ఐ విల్ గివ్ యు యాన్ ఇంజెక్షన్’ కంటే ‘ఐల్ బి గివింగ్ యు యాన్ ఇంజెక్షన్ ఇన్ ఎ మినిట్’ అంటే పేషెంటుకి మెత్తగా వినిపిస్తుంది. రోజూ జరిగే పనిలో భాగమే, ప్రత్యేకంగా మీ మీద కక్షేమీ లేదన్నట్టు. రెండోది “మీరు వచ్చేసరికి వండేసి ఉంటాను” దగ్గర ఆపేయండి. ‘బై’ తో ఐదు వాక్యాలు చాలు.

తప్పులు దిద్దేటప్పుడు, రెండు రూపాలూ చెల్లే చోట్లు చాలా ఉంటాయని గుర్తుంచుకోండి. ‘ఐ యామ్ గోయింగ్ టు మీట్ హర్’, ‘ఐ యామ్ మీటింగ్ హర్’, రెండిటికీ కొంపలేం మునగవు. నేను దిద్దకుండా అడుగుతాను, ఎప్పుడనుకున్నావ్, ఎవరితోనైనా చెప్పావా, క్యాలెండర్లో ఉందా అని. జవాబు చెప్తూ చెప్తూ వాళ్లే మార్చుకుంటారు. స్కూలు పిల్లల విషయంలో మాత్రం కొంచెం రాజీ పడక తప్పదు. పరీక్షలో ఖాళీ పక్కన ‘టుమారో’ ఉంటే విల్ రాయి, బయట మాట్లాడేటప్పుడు ఆలోచించి మాట్లాడు అని చెప్తాను. మార్కులు పోతే వాళ్ల నాన్న నా దగ్గరికే వస్తాడు.

హోంవర్కు వాయిస్ మెసేజే. శనివారం రాత్రి మర్నాటి సంగతి నాకు నాలుగు వాక్యాల్లో పంపాలి, రాసుకుని చదవకూడదు. నర్సరీ కుర్రాడు అదే వారం పార్టీకి పంపిన మెసేజ్ కూడా కలిపి పంపాడు. ‘సర్, వియార్ లోడింగ్ టునైట్. లారీ ఈజ్ లీవింగ్ ఎట్ నైన్. ఐల్ కాల్ యు వెన్ ఇట్ లీవ్స్.’ ‘ద’ ఎగిరిపోయింది, పోనీయండి.

చీరల కొట్టావిడది ఇది. ‘మేడం, ఐ యామ్ నాట్ కమింగ్ టుమారో. మై సిస్టర్ ఇన్ లా ఈజ్ కమింగ్ ఫ్రమ్ భీమవరం. ఐ విల్ ప్రాబబ్లీ కమ్ నెక్స్ట్ సండే.’ మూడు వాక్యాలకీ మూడు టిక్కులు పెట్టి పంపాను. ఆ పై ఆదివారం కూడా ఆవిడ రాలేదు. ‘ప్రాబబ్లీ’ అనే కదా అంది, నేను అడగడానికి లేదు.